ఫ్లెక్స్ మెషీన్ లోపలి మిస్తర్

హిమాయత్ సాగర్ కట్ట దాటి శంషాబాద్ వైపు వెళ్తుంటే దారి పొడవునా ఫంక్షన్ హాళ్ళే. షాదీ అయినా వలీమా అయినా ముందు రోజు రాత్రికే గేటు మీద ఫ్లెక్స్ లేస్తుంది. హజ్ రోజుల్లో ఎయిర్‌పోర్ట్ దారిలో హాజీ సాబ్‌లకు ముబారక్‌బాద్ ఫ్లెక్సులు. ఎలక్షన్లు వస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఇవన్నీ తయారయ్యే దుకాణాల్లో, సగం దించిన షట్టర్ వెనక, రాత్రి పన్నెండింటికి కూడా మెషీన్ దగ్గర నిలబడి ఉండేది చాలా చోట్ల మన పిల్లలే.

వాళ్ళ గురించి ఇంట్లో అడగండి, ఒకటే జవాబు. "పోట్టా ఫ్లెక్స్ కే కామ్ పో హై." అంతే, అక్కడితో ఖతం. దర్జీ దగ్గర పెట్టిన కొడుకుని "కటింగ్ ఆయా క్యా?" అని అడిగే అబ్బా, మెకానిక్ దగ్గర పెట్టిన భతీజాను "ఇంజన్ ఖోల్‌రా క్యా?" అని అడిగే చాచా, ఫ్లెక్స్ దుకాణంలో పెట్టినవాణ్ణి మాత్రం నెలాఖరున జీతం తప్ప ఇంకేమీ అడగరు. అక్కడ నేర్చుకోవడానికి ఏదైనా ఉందని మనకు ఖయాల్ లేదు. పనంతా కంప్యూటర్ చేస్తుంది, వీడు రోల్ ఎక్కిస్తాడు, బటన్ నొక్కుతాడు అనుకుంటాం.

ఈ ఖయాల్ మన పిల్లల రోజీని తినేస్తోందన్నది నా దావా. ఆ మెషీన్‌కు ప్రతి క్షణం రెండు సవాళ్ళు ఎదురవుతాయి. నేనిప్పుడు ఎక్కడున్నాను? ఇక్కడ ఏం రాయాలి? ఈ రెండింటికీ జవాబు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినవాడు కారీగర్. తెలియనివాడు ఎన్నేళ్ళు చేసినా మజ్దూరే. అదేమీ ఇంజనీరింగ్ కాలేజీల జాగీరు కాదు. మన ఇళ్ళలో మాట్లాడే మాటల్లోనే చెప్పొచ్చు. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, అఖ్బార్ పని చేసుకునేవాణ్ణి. నాకు అర్థమైంది రాత్రింబవళ్ళు దాని పక్కనే నిలబడే పిల్లాడికి ఎందుకు అర్థం కాదు?

ముందు మిస్తర్ సంగతి చెప్పాలి.

ఛత్తా బజార్ అంటే షాదీ రుఖ్ఖాల బజార్, కాతిబ్‌ల బజార్. కంప్యూటర్‌లోకి ఉర్దూ రాకముందు రుఖ్ఖా నుంచి అఖ్బార్ దాకా ప్రతి అక్షరమూ చేతిరాతే. పాతకాలపు కాతిబ్‌ల దగ్గర మిస్తర్ అని ఒకటుండేది. అట్ట మీద సమాన దూరంలో దారాలు బిగించి ఉంటాయి. దాని మీద కాగితం పరిచి నొక్కితే దారాల అచ్చు సన్నని గీతలుగా పడుతుంది. అందులో సిరా ఉండదు, చదివేవాడి కంటికి ఆనదు, రాసేవాడికి మాత్రం దారి చూపిస్తుంది. ఇక అక్షరం కొలత ఖత్. కలం మొన వెడల్పుతో పెట్టిన నుఖ్తా అన్నమాట. నస్తలీఖ్‌లో అలిఫ్ మూడు ఖత్‌ల ఎత్తు అని ఉస్తాద్ చెబితే, షాగిర్ద్ పక్కనే నుఖ్తాలు పెట్టి లెక్క చూసుకునేవాడు.

ఫ్లెక్స్ మెషీన్‌లోనూ ఒక మిస్తర్ ఉంది. ప్రింట్ హెడ్లను మోసుకుంటూ ఇటూ అటూ పరుగెత్తే పెట్టెను క్యారేజ్ అంటారు. అది నడిచే దారి పొడవునా, వేలెడు వెడల్పు కూడా లేని పల్చని ప్లాస్టిక్ పట్టీ ఒకటి బిగించి ఉంటుంది. దూరం నుంచి బూడిద రంగు రిబ్బన్‌లా కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే అవి నల్లటి సన్నగీతలు. చాలా మెషీన్లలో అంగుళానికి 180 గీతలు. దీన్నే ఎన్‌కోడర్ స్ట్రిప్ అంటారు. క్యారేజ్ వీపున ఉన్న చిన్న సెన్సర్ ఈ పట్టీని రెండు వైపులా పట్టుకున్నట్టు ఉంటుంది. ఒక వైపు దీపం, రెండో వైపు కన్ను. గీత అడ్డొస్తే చీకటి, గీత దాటితే వెలుతురు. చీకటి వెలుతురులను లెక్కపెడితే ఎంత దూరం నడిచిందో తెలిసిపోతుంది.

మరి నడిచింది కుడికా, ఎడమకా? దానికి ఒక కన్ను చాలదు, రెండు ఉండాలి. మస్జిద్ గుమ్మంలో ఇద్దరు పిల్లల్ని ఒకడి వెనక ఒకణ్ణి నిలబెట్టండి. బయటివాడు ముందు చూసి, లోపలివాడు తర్వాత చూస్తే మనిషి లోపలికి వచ్చాడు. తలకిందులైతే బయటికి వెళ్ళాడు. సెన్సర్‌లోని రెండు కళ్ళను కూడా సరిగ్గా పావు గీత ఎడంతో అమర్చారు. ఏది ముందు చీకటి చూస్తే అటువైపు నడక. దీనివల్ల ఇంకో ఫాయిదా కూడా ఉంది. ఒక్కో గీత జతకు రెండు కళ్ళూ కలిసి నాలుగు మార్పులు చూస్తాయి. 180ని నాలుగుతో గుణిస్తే 720. దుకాణాల్లో క్వాలిటీ గురించి మాట్లాడేటప్పుడు 360, 720 అనే అంకెలు పదే పదే వినిపిస్తాయి కదా, అవి ఈ పట్టీ గీతలకు సరిగ్గా లెక్క కుదిరే అంకెలు. రోజూ ఆ అంకెల మీద క్లిక్ చేసే పిల్లాడికి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ హిమాయత్ సాగర్ మిసాల్ ఒకటి పనికొస్తుంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన రెండు జలాశయాల్లో ఇది రెండోది, 1927లో పూర్తయింది. నీటిమట్టం 1763.50 అడుగులు చేరితే నిండినట్టు లెక్క. కొలబద్ద మీద అంకెలు ఉంటాయి కాబట్టి, కాపలావాడు రాత్రంతా నిద్రపోయినా పొద్దున లేచి చూస్తే మట్టం ఎంతో తెలిసిపోతుంది. ఎన్‌కోడర్ పట్టీ మీద అంకెలు లేవు, గీతలన్నీ ఒకే తీరు. తస్బీహ్ దానాల్లాగే. లెక్క మధ్యలో మరిచిపోతే దానాను చూసి ఇది ఎన్నోదో చెప్పలేం, ఇమామ్ దానా దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. మెషీన్ స్విచ్ వేయగానే క్యారేజ్ ముందుగా మెల్లగా ఒక మూలకు వెళ్ళి ఆగడం చూసే ఉంటారు. అక్కడున్న హోమ్ సెన్సర్ దాని ఇమామ్ దానా. అక్కడ సున్నా పెట్టుకుని లెక్క మొదలుపెడుతుంది. కరెంటు పోతే లెక్క పోయినట్టే. సగం ప్రింట్‌లో కరెంటు పోయిన ఫ్లెక్స్‌ను అదే చోటి నుంచి అతుకు కనబడకుండా కొనసాగించడం ఎందుకంత ముష్కిలో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మోటారుకు తన తిరుగుడు తనకు తెలుసు కదా, ఈ పట్టీ ఎందుకని అడగొచ్చు. మోటారుకూ, క్యారేజ్‌కూ మధ్య బెల్టు ఉంది. బెల్టు సాగుతుంది, క్యారేజ్ మలుపు తిరిగి పరుగందుకునేటప్పుడు ఊగుతుంది. మోటారు చెప్పేది మోటారు సంగతి. హెడ్ నిజంగా ఎక్కడుందో చెప్పేది పట్టీ ఒక్కటే. క్యారేజ్ సెకనుకు అర మీటరు నడుస్తూ 360 చుక్కల లెక్కన ప్రింట్ చేస్తోందనుకోండి. ఒక్కో నాజిల్‌కు సెకనులో ఏడు వేలకు పైగా చుక్కలు వదిలే మౌకా వస్తుంది. ప్రతిసారీ హుకుం గడియారం చూసి రాదు, గీతను చూసి వస్తుంది.

చుక్క కింద పడటానికి కూడా కొంత సమయం పడుతుంది. హెడ్‌కూ ఫ్లెక్స్‌కూ మధ్య రెండు మిల్లీమీటర్లు, చుక్క వేగం సెకనుకు ఏడు మీటర్లు అనుకుంటే, అది గాలిలో ఉండగానే క్యారేజ్ దాదాపు 0.14 మిల్లీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. కదిలే ఆటోలోంచి విసిరిన ఖజూర్ గింజ సూటిగా కింద పడదు, ముందుకు పోయి పడుతుంది కదా, అదే సంగతి. వెళ్ళేటప్పుడు ఇటు, వచ్చేటప్పుడు అటు జరిగితే తేడా రెండింతలు. అంటే నాలుగు చుక్కల ఎడం. రానూపోనూ ప్రింట్ చేసేటప్పుడు దీన్ని సరిచేసే సెట్టింగ్ ఒకటుంటుంది. రోల్ మారి ఫ్లెక్స్ మందం మారితే, హెడ్ ఎత్తు మారితే ఆ సెట్టింగ్ కూడా మార్చాలి. చాలా దుకాణాల్లో మెషీన్ పెట్టిన రోజు ఎవరో చేసి వెళ్ళిన సెట్టింగే ఏళ్ళ తరబడి నడుస్తుంటుంది. అక్షరాల అంచులు ఎందుకు మసకగా ఉన్నాయని కస్టమర్ అడిగితే "ఇంక్ ఐసాచ్ హై సాబ్" అంటారు.

ఫ్లెక్స్‌ను ముందుకు జరిపే రోలర్ సంగతి ఇంతకంటే సాదా. ఎక్కువ జరిగితే తెల్ల చార, తక్కువ జరిగితే నల్ల చార. చారను చూసి ఏ వైపు దిద్దాలో చెప్పగలగాలి, అంతే.

ఇప్పుడు రెండో సవాలు. ఇక్కడ ఏం రాయాలి?

మెషీన్‌కు ఉర్దూ రాదు, తెలుగు రాదు, దూల్హా దుల్హన్ ఎవరో అసలే తెలియదు. దానికి తెలిసింది ఒకటే, ఈ చోట ఈ రంగు చుక్క వెయ్యాలా వద్దా. డిజైన్‌ను అలా చుక్కలుగా నలగ్గొట్టే సాఫ్ట్‌వేర్‌ను రిప్ అంటారు. పది అడుగులకు ఎనిమిది అడుగుల ఫ్లెక్స్, అంగుళానికి 360 చుక్కలు, నాలుగు రంగులు. హిసాబ్ వేస్తే దాదాపు 597 కోట్ల చుక్కల నిర్ణయాలు. చుక్కకు ఒక బిట్ అనుకున్నా దాదాపు 746 మెగాబైట్లు. ఇదంతా కంప్యూటర్ నుంచి కేబుల్ గుండా మెషీన్ మెయిన్ బోర్డుకు, అక్కడి నుంచి మెలికలు తిరిగే గొలుసులో సాగే తీగల గుండా క్యారేజ్ మీది హెడ్ బోర్డుకు చేరాలి. క్యారేజ్ ఏ గీత దగ్గరికి వస్తే ఆ గీతకు సంబంధించిన చుక్కలు అప్పటికే హెడ్ దగ్గర సిద్ధంగా ఉండాలి. అందుకే ఒక వరసకు సరిపడా డేటాను బోర్డు ముందే తెచ్చి మెమొరీలో పెట్టుకుంటుంది. దావత్‌లో దస్తర్‌ఖాన్ మీద ప్లేటు ఖాళీ కాకముందే వెనక బిర్యానీ సిద్ధంగా ఉండాలి కదా. డేటా ఆలస్యమైతే క్యారేజ్ మూలన నిలబడి ఎదురు చూస్తుంది. ఈలోగా ముందు వరస ఆరిపోతుంది, తర్వాతి వరస దాని పక్కన వేరే రంగులా కనబడుతుంది.

ఆలస్యం ఎందుకవుతుందంటే, చాలాసార్లు కారణం సిగ్గుపడేంత చిన్నది. కంప్యూటర్ ఏసీ క్యాబిన్‌లో, మెషీన్ బయట హాల్లో. మధ్యలో యూఎస్‌బీ కేబుల్. ఆ రకం కేబుల్ ఐదు మీటర్ల వరకే ఖాయంగా పనిచేస్తుంది. మనవాళ్ళు దానికి ఇంకో ముక్క జోడిస్తారు. పైగా కంప్యూటర్‌కు ఒక ఎర్తింగ్, మెషీన్‌కు ఇంకోటి, లేదంటే రెండింటికీ లేదు. ఆ తేడా కరెంటు కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. ప్రింట్ మధ్యలో ఆగుతుంది, ఒక్కోసారి పోర్టే కాలిపోతుంది. లాన్ కేబుల్ వంద మీటర్ల వరకు వెళ్తుంది. కొన్ని మెషీన్లలో మెయిన్ బోర్డు నుంచి క్యారేజ్ దాకా ఫైబర్ వేస్తారు. అందులో వెళ్ళేది కరెంటు కాదు, వెలుతురు. మోటార్ల గోల దానికి అంటదు.

ఇదంతా తెలిస్తే ఏమొస్తుందంటారా? తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ఉర్దూలో ఒక్క నుఖ్తా పైనుంచి కిందికి దిగితే ఖుదా కాస్తా జుదా అవుతుందని చిన్నప్పుడు మౌల్వీ సాబ్‌లు భయపెట్టేవారు. ఫ్లెక్స్ మీద నుఖ్తా తప్పినా, తెలుగు ఒత్తు విరిగి పక్కకు పడినా, అది కంప్యూటర్‌లో ఫాంట్ దగ్గర జరిగిన తప్పు. మెషీన్ ఎంత బాగున్నా దాన్నే ప్రింట్ చేస్తుంది. అక్షరం సరిగ్గానే ఉండి జంటగా, నీడలా కనబడితే అది హెడ్ దిద్దుబాటో, పట్టీయో. ప్రతి ఫ్లెక్స్‌లోనూ అదే చోట, ఎడమ అంచు నుంచి అంతే దూరంలో తప్పు వస్తే ముందు పట్టీని చూడాలి. ఆ చోటే మురికి పడి ఉంటుంది. తప్పు చోటు మారుతూ ఉంటే కేబుల్, ఎర్తింగ్. నాలుగు రంగుల్లో ఒక్కటే పోతే ఆ హెడ్, దాని తీగ. ఈ నాలుగు వాక్యాలు చాలా దుకాణాల్లో వేల రూపాయల ఖరీదు చేస్తాయి.

మా ఖాందాన్ కుర్రాడు పనిచేసే ఒక దుకాణంలో ఇదే జరిగింది. ప్రింట్ మెట్లు మెట్లుగా జరిగిపోతోంది. సర్వీస్‌కు వచ్చినతను మెయిన్ బోర్డు పోయిందన్నాడు, మార్చాడు, డబ్బు తీసుకున్నాడు. మూడో రోజుకు తప్పు మళ్ళీ మొదలైంది. పక్క దుకాణం నుంచి ఒక పెద్దాయన వచ్చి, పాడైన ఫ్లెక్సులు నాలుగు ఒకదాని మీద ఒకటి పరిచి చూశాడు. తప్పు అన్నింట్లోనూ ఒకే చోట. ఫోన్ టార్చి వేసి పట్టీని చూస్తే, సరిగ్గా అక్కడే ఇంక్ తుంపర పేరుకుని జానెడు మేర గీతలు కనబడటం లేదు. తుడిచాడు. అయిపోయింది. ఈలోగా దుకాణం యజమాని తన నష్టంలో కొంత కుర్రాడి జీతంలోంచి కోసుకున్నాడు, ఆపరేటర్ కాబట్టి. కుర్రాడు నోరు మెదపలేదు. ఏమని మెదుపుతాడు? జవాబు చెప్పాలంటే ఇల్మ్ ఉండాలి కదా.

ఇల్మ్ లేనిచోట జుల్మ్ ఎంత ఆసానీగా జరుగుతుందో చూడండి. ఇందులో సర్వీస్ అతను మోసం చేశాడని కూడా నేననను. అతనికీ బోర్డు మార్చడమే నేర్పి ఉంటారు.

దుకాణందార్ భాయీలు ఒక మాట అంటారు. "అన్నీ నేర్పితే వాడు పక్కన ఇంకో దుకాణం పెడతాడు." పెట్టనివ్వండి. నేర్పకపోతే ఏమవుతుందో చూస్తూనే ఉన్నారు. రెండు వేలు ఎక్కువ ఇస్తామంటే ఎలాగూ వెళ్తున్నాడు, పైగా మీ మెషీన్‌ను పాడు చేసి మరీ వెళ్తున్నాడు. ఛత్తా బజార్ ఉస్తాద్‌లు షాగిర్ద్‌లకు ఖత్ లెక్క దాచిపెట్టి ఉంటే కితాబత్ ఒక తరంతోనే ఆగిపోయేది.

ఇంకో మాట, "మాన్యువల్ అంతా ఇంగ్లిష్‌లో ఉంది, మనవాడికి ఎక్కడొస్తుంది?" దీనికి జవాబు ఈ షహర్ చరిత్రలోనే ఉంది. హిమాయత్ సాగర్ కట్టే రోజుల్లోనే ఈ రియాసత్‌లో ఉస్మానియా యూనివర్సిటీ నడుస్తోంది. 1918లో మొదలైన ఆ యూనివర్సిటీలో సైన్సు పాఠాలు కూడా ఉర్దూలోనే. దానికి కితాబులు కావాలని ముందే, 1917లో, దారుత్ తర్జుమా పెట్టారు. పండితులు కూర్చుని ఒక్కో సైన్సు మాటకూ ఉర్దూ మాట వెతికారు. వాళ్ళు ఎంచుకున్న అరబీ ఫార్సీ మాటలు కొన్ని ఈనాటి పిల్లలకు ఇంగ్లిష్ కంటే కష్టం, ఆ సంగతి ఒప్పుకోవాలి. నేను అడిగేది ఎన్‌కోడర్‌కు కొత్త పేరు పెట్టమని కాదు. ఎన్‌కోడర్‌ను ఎన్‌కోడర్ అనే అందాం. అది ఏం చేస్తుందో మాత్రం మన జబాన్‌లో చెప్పుకుందాం. హిమాయత్ సాగర్ చుట్టుపక్కల పిల్లలు ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు మాట్లాడతారు. రెండూ కలిపి చెబితే గంటలో అర్థమవుతుంది.

ఫ్లెక్స్ అంటే పీవీసీ పూత పూసిన గుడ్డ, మట్టిలో కలవదు, ఎల్లకాలం ఈ వ్యాపారం నడవదు, నడవకూడదు కూడా. చెరువు అంచున పడి ఉన్న చినిగిన ఫ్లెక్సులు చూస్తే నాకూ మనసు చివుక్కుమంటుంది. కానీ అదే కారణంగా లోపలి ఇల్మ్ ఇంకా జరూరీ. రేపు గుడ్డ మీద ప్రింట్ చేసే మెషీన్ వచ్చినా అదే పట్టీ, అదే రిప్. చెక్క కోసే కంప్యూటర్ రౌటర్‌లో, లిఫ్టులో, ఎయిర్‌పోర్టుల్లో సామాను నడిపే బెల్టుల్లో ఇదే ఎన్‌కోడర్ ఖాందాన్ పనిచేస్తుంది. పట్టీ చోట గుండ్రటి బిళ్ళ ఉంటుంది, అంతే తేడా. శంషాబాద్‌లో 2008 నుంచి ఎయిర్‌పోర్ట్ ఉంది. ఈ చుట్టుపక్కల మన పిల్లల్లో ఎంతమంది అక్కడ ట్రాలీలు తోసే పనిలో కాకుండా మెషీన్ బాగుచేసే పనిలో ఉన్నారని మస్జిద్ దగ్గర ఒకసారి లెక్క అడిగి చూడండి.

ఆడపిల్లల సంగతి కూడా. ఇంట్లో కూర్చుని డిజైన్ చేసి ఫోన్లో పంపే బచ్చియాఁ చాలామంది ఉన్నారు. వాళ్ళ చేతిలో ఉన్నది ఈ రెండో సవాలు, డేటా వైపు. రిప్ దాకా నేర్చుకుంటే వాళ్ళు డిజైన్ ఒక్కటే కాదు, నేరుగా ప్రింట్‌కు సిద్ధమైన ఫైల్ ఇవ్వగలరు. దానికి వేరే ఉజ్రత్ అడగగలరు.

కమిటీ పెద్దలకు నా దరఖ్వాస్త్ పెద్దదేమీ కాదు. ఆదివారం అస్ర్ తర్వాత ఒక గంట. పాత సామాను దుకాణంలో పాడైపోయిన చిన్న ఇంక్‌జెట్ ప్రింటర్ దొరుకుతుంది, అందులోనూ ఇదే పట్టీ సన్నగా ఉంటుంది. మూత విప్పి మధ్యలో పెట్టండి. పని తెలిసిన ఒక ఆపరేటర్‌ను ఉస్తాద్ అని పిలిచి కుర్చీ వేయండి. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ప్రశ్నలు అడుగుతారు.

అప్పటిదాకా ఈ పనిలో ఉన్న పిల్లలకు ఒక్క జాగ్రత్త. పట్టీ తుడిచేటప్పుడు మెషీన్ పూర్తిగా ఆఫ్ చెయ్యండి. నూలు పోగులు వదలని మెత్తటి గుడ్డ వాడండి, ద్రవం ఏది వాడాలో ఆ మెషీన్ మాన్యువల్లో చూడండి. హెడ్లు కడిగే సాల్వెంట్‌ను పట్టీకి ఎప్పుడూ తగలనివ్వకండి, గీతలే చెరిగిపోవచ్చు. గుడ్డను ఒకే దిశలో మెల్లగా లాగండి, గోరు తగలకుండా. తర్వాత తారీఖు గోడ మీద రాసి పెట్టండి.